మైన్‌క్రాఫ్ట్‌లో అడవి గుర్రాన్ని పట్టి, మచ్చిక చేసి, పోషించుకోవడం ఎలా?

మైన్‌క్రాఫ్ట్ అనే కంప్యూటర్ ఆటలోని లోకంలోకి గుర్రాలు 2013 జులైలో, 1.6 వెర్షన్‌తో వచ్చాయి. అప్పటికే ‘మో క్రీచర్స్’ అనే మోడ్‌తో, అంటే ఆటకు బయటివారు తయారుచేసే చేర్పుతో, పేరు తెచ్చుకున్న రూపకర్త సాయంతో, ఆటను తయారుచేసే మొజాంగ్ సంస్థ వాటిని ప్రవేశపెట్టింది. మచ్చిక చేసే పద్ధతి నాటికీ నేటికీ పెద్దగా మారలేదు. గుర్రం ఎక్కాలి, అది పడదోస్తే లేచి మళ్ళీ ఎక్కాలి. పని ఇంత సులువు కావడం వల్లనే చాలామంది కంటపడిన మొదటి గుర్రాన్నే పట్టి, జీను వేసి, ఆటంతా దానితోనే నెట్టుకొస్తారు. తాము కాలినడకన పరుగెత్తినా అంతకంటే ముందే చేరుకోగలమన్న సంగతి వారికి తట్టదు. అందుకే ఈ వ్యాసంలో పట్టడం, మచ్చిక చేయడం గురించి చెప్పవలసినంత చెప్పి, గుర్రాన్ని ఎంచుకోవడం గురించీ పోగొట్టుకోకుండా కాపాడుకోవడం గురించీ ఎక్కువగా వివరిస్తున్నాను.

ఇక్కడ ఇచ్చిన అంకెలు కంప్యూటర్‌లో ఆడే జావా ఎడిషన్‌కు చెందినవి. ఫోన్లలో ఆడే బెడ్‌రాక్ ఎడిషన్‌లో కూడా పద్ధతి ప్రధానంగా ఇదే కాని, నొక్కవలసిన బటన్లు వేరు, అక్కడక్కడ చిన్న తేడాలు ఉంటాయి.

బయలుదేరే ముందు

గుర్రాన్ని వెతుక్కుంటూ వెళ్ళే ముందు మీ సంచిలో జీను, కనీసం రెండు పలుపులు, ఇరవై దాకా కంచె ముక్కలు, కొంత చక్కెర, కొన్ని కాగడాలు ఉండేలా చూసుకోండి. వీటిలో దొరకడానికి కష్టమైనది ఒకప్పుడు జీనే. పాత వెర్షన్లలో దాన్ని తయారుచేసుకునే వీలు లేదు. నేలమాళిగల్లోను, నెదర్ అనే పాతాళ లోకపు కోటల్లోను ఉండే పెట్టెల్లో వెతకాలి, లేదా చేపలు పడుతూ అదృష్టాన్ని పరీక్షించుకోవాలి, అదీ కాకపోతే పల్లెలోని తోలు పనివాడు తన వృత్తిలో చివరి అంతస్తుకు చేరేదాకా అతనితో బేరాలు చేసి పచ్చలిచ్చి కొనాలి. 2025 జూన్‌లో వచ్చిన 1.21.6 వెర్షన్ నుంచి మూడు తోలు ముక్కలు, ఒక ఇనుప కడ్డీ ఉంటే జీనును మీరే తయారుచేసుకోవచ్చు. మీరు ఏ వెర్షన్ ఆడుతున్నారో ముందు చూసుకొని, పాతదైతే జీను చేతికి వచ్చిన తర్వాతనే గుర్రాల వేటకు వెళ్ళడం మంచిది. మచ్చికైన గుర్రం జీను లేకపోయినా మిమ్మల్ని ఎక్కనిస్తుంది కాని, మీరు చెప్పిన దిక్కుకు వెళ్ళదు, తనకు తోచిన చోట తిరుగుతుంది.

లీడ్ అని ఆటలో పిలిచే పలుపు విషయంలోనూ అదే వెర్షన్‌లో మార్పు వచ్చింది. మునుపు నాలుగు దారాలు, స్లైమ్ అనే జిగురు భూతం నుంచి దొరికే ఒక బంతి కావలసివచ్చేది. ఇప్పుడు అయిదు దారాలు చాలు, సాలెపురుగులను చంపితే అవి దొరుకుతాయి. రెండు విధాలుగానూ ఒకసారికి రెండు పలుపులు తయారవుతాయి. దారాలు లేనప్పుడు మరో దారి ఉంది. దేశదిమ్మరి వ్యాపారి రెండు లామాలను పలుపులతో కట్టి తోలుకువస్తాడు. అతనికీ ఆ లామాలకూ మధ్య దూరం బాగా పెరిగేలా చేస్తే పలుపులు తెగి నేలమీద పడతాయి, వాటిని ఏరుకోవచ్చు. ఇది కొంచెం దొంగబుద్ధితో కూడిన పనే కాని, చాలామంది ఆటగాళ్ళకు మొదటి పలుపు ఇలాగే దొరికింది.

మందను కనిపెట్టడం

అడవి గుర్రాలు పచ్చిక మైదానాలలోను, సవానా నేలల్లోను మందలుగా తిరుగుతాయి. దట్టమైన అడవుల్లోను, మంచు కొండల మీద, ఎడారుల్లోను వెతకడం వృథా. ఒక్కో మందలో రెండు మొదలు ఆరు దాకా గుర్రాలుంటాయి. కొన్ని పల్లెల్లోని దొడ్లలో కూడా ఒకటో రెండో కనిపిస్తాయి. మంద కనబడగానే చేయవలసిన మొదటి పని ఆ చోటు నిర్దేశాంకాలను కాగితం మీద రాసుకోవడం. జావాలో ఎఫ్3 నొక్కితే అవి తెలుస్తాయి, బెడ్‌రాక్‌లో లోకపు సెట్టింగులలో నిర్దేశాంకాలు చూపే మీటను ముందే వేసి ఉంచుకోవాలి. గుర్రాలు వాటంతట అవి మాయమైపోవు కాబట్టి, చోటు రాసిపెట్టుకుంటే ఇవాళ పట్టలేకపోయిన గుర్రాన్ని మరో రోజు పట్టవచ్చు.

గుర్రాలు ఏడు రంగులలో, అయిదు రకాల మచ్చలతో, మొత్తం ముప్పై అయిదు రూపాలలో పుడతాయి. మన ప్రాంతాలలో గుర్రాలను కొనేవారు ఒంటి మీది సుళ్ళు చూసి శుభాశుభాలు ఎంచే ఆచారం ఒకటుంది. ఆ అలవాటును ఈ లోకానికి తీసుకురావద్దు. ఇక్కడ రంగుకూ మచ్చలకూ పరుగుతో గాని, బలంతో గాని ఏ సంబంధమూ లేదు. తెల్ల గుర్రం అందంగా ఉందని దాన్నే పట్టుకుంటే అందమైన నత్త చేతికి రావచ్చు.

ఉరుములు మెరుపులతో కూడిన వానలో ఒంటరిగా నిలబడిన అస్థిపంజరపు గుర్రం కనబడితే దగ్గరకు వెళ్ళకండి. అది వల. మీరు దగ్గరకు రాగానే దాని మీద పిడుగు పడి, గుర్రాలెక్కిన నలుగురు అస్థిపంజరపు విలుకాళ్ళు మీ ముందు నిలుస్తారు. మంచి కవచమూ డాలూ ఉన్నవారికి మాత్రం ఇది లాభసాటి పోరాటమే. రౌతును చంపితే మిగిలే గుర్రం అప్పటికే మచ్చికై ఉంటుంది, నీటి అడుగున కూడా మిమ్మల్ని మోస్తుంది. అయితే దానికి మేత పెట్టే వీలు గాని, పిల్లలను పుట్టించే వీలు గాని లేదు కాబట్టి ఈ వ్యాసంలో దాని ప్రస్తావన ఇంతటితో చాలు.

పట్టి నిలపడం

అడవి గుర్రం మనిషిని చూసి బెదరి పారిపోదు. కొడితేనే పరుగెత్తుతుంది. కాబట్టి వెంటపడి తరమవలసిన అవసరం లేదు, చేతిలో కత్తి పట్టుకొని పొరపాటున తగిలించకుండా ఉంటే చాలు. అసలు చిక్కు మచ్చిక చేసే సమయంలో వస్తుంది. మీరు ఎక్కగానే గుర్రం అదుపు లేకుండా అటూ ఇటూ పరుగెడుతుంది, దగ్గరలో లోయ గాని, నిప్పుద్రవం నిండిన గుంట గాని ఉంటే ఇద్దరూ అందులో పడవచ్చు. ఈ లోకాన్ని కట్టిన ఘనాకారపు దిమ్మెను బ్లాకు అంటారు, దూరానికీ ఎత్తుకూ కొలత అదే. గుర్రం ఆరు బ్లాకుల లోతు దాకా దెబ్బ తగలకుండా కిందికి దూకగలదు. అంతకు మించిన లోతులో పడితే దానికీ, పైన ఉన్న మీకూ దెబ్బ తగులుతుంది. నేల చదునుగా ఉన్న చోట ఏ జాగ్రత్తా అక్కరలేదు గాని, కొండ అంచున ఉన్న గుర్రానికి చుట్టూ అయిదు బ్లాకుల పొడవు, అయిదు బ్లాకుల వెడల్పు ఉండేలా కంచె కట్టి, మీరూ లోపలే ఉండి పని మొదలుపెట్టండి.

మచ్చిక చేయడం

చేతిలో ఏమీ పట్టుకోకుండా గుర్రం మీద నొక్కితే దాని మీదకు ఎక్కుతారు. ఫోనులో ఆడేవారికి గుర్రం దగ్గరకు వెళ్ళగానే ఎక్కే బటన్ తెర మీద కనబడుతుంది. కొద్ది క్షణాలకే అది మిమ్మల్ని పడదోస్తుంది. పడినందువల్ల మీకు దెబ్బ తగలదు. మళ్ళీ ఎక్కండి. చివరికి దాని చుట్టూ ఎర్రని హృదయాలు లేస్తాయి, అంటే మచ్చికైందని అర్థం.

దీని వెనుక ఉన్న లెక్క తెలిస్తే మేత ఎంత పెట్టాలో మీకే తెలుస్తుంది. ప్రతి గుర్రానికీ సున్నా మొదలు నూరు దాకా పెరిగే ఒక మాలిమి అంకె లోపల ఉంటుంది. అడవిలో పుట్టిన గుర్రానికి అది సున్నా. మిమ్మల్ని పడదోసిన ప్రతిసారీ అది అయిదు చొప్పున పెరుగుతుంది. మీరు ఎక్కి కూర్చున్నప్పుడు ఆ గుర్రం లొంగే అవకాశం దాదాపు ఆ అంకె ఎంతో నూటికి అంత. అంటే ఏమీ పెట్టకుండా మొదటిసారి ఎక్కితే అది లొంగనే లొంగదు, ఆరుసార్లు పడిన తర్వాత ఎక్కితే నూటికి ముప్పై వంతుల అవకాశం ఉంటుంది. చక్కెర, గోధుమ, యాపిల్ ఒక్కొక్కటీ ఆ అంకెను మూడు చొప్పున పెంచుతాయి. బంగారు క్యారెట్ అయిదు, బంగారు యాపిల్ పది పెంచుతాయి.

ఈ అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే బంగారాన్ని మచ్చికకు వాడడం ఎంత దండగో అర్థమవుతుంది. ఒకసారి కిందపడితే వచ్చే ఫలితం, ఒక బంగారు క్యారెట్ తినిపిస్తే వచ్చే ఫలితం ఒక్కటే. ఇంకా దాని గుణమేమిటో తెలియని గుర్రానికి బంగారం పెట్టడం గుడ్డి గుర్రానికి పళ్ళు తోమడమే. చెరకు మీ ఇంటి దగ్గర పెంచుతున్నట్టయితే చక్కెర ఉచితంగా వచ్చినట్టే, ఒక గడకు ఒక చక్కెర. పది చక్కెరలు పెట్టి ఎక్కడం మొదలుపెడితే ముప్పై దగ్గర నుంచి లెక్క నడుస్తుంది, తరచుగా కొద్దిసార్లలోనే పని పూర్తవుతుంది. చక్కెర లేకపోతే ఓపికగా పడుతూ లేస్తూ ఉండండి. గడ్డిమోపు మాత్రం మాలిమిని పెంచదు, దాని ఉపయోగం వేరు, తర్వాత చెబుతాను.

మచ్చిక చేసే ప్రయత్నంలోనే మీకు ఒక విషయం ఉచితంగా తెలిసిపోతుంది. గుర్రం ఎక్కి ఉన్నంతసేపు దాని ప్రాణం ఎంతో హృదయాల రూపంలో తెర మీద కనిపిస్తుంది. అతి బలహీనమైన గుర్రానికి ఏడున్నర హృదయాలు, అతి బలమైన దానికి పదిహేను ఉంటాయి, ఎక్కువ గుర్రాలు నడుమ ఎక్కడో ఉంటాయి. మంద మొత్తాన్ని ఒక్కొక్కసారి ఎక్కి దిగితే బలహీనమైన వాటిని అక్కడే వదిలివేయవచ్చు.

పరుగు, దూకుడు పరీక్షించడం

మచ్చికైన తర్వాత జీను వేయాలి. గుర్రం మీద ఉండగా సంచి తెరిచే మీట నొక్కితే మీ సామానుతో పాటు గుర్రానికి సంబంధించిన గళ్ళు కూడా తెరుచుకుంటాయి, జీను గడిలో జీనును పెట్టండి. ఇప్పుడు అది మీ మాట వింటుంది. వెంటనే ఇంటికి బయలుదేరకండి. ఈ లోకంలో ఒక గుర్రానికీ మరో గుర్రానికీ ఉన్న తేడా మీరు ఊహించినదానికన్నా చాలా ఎక్కువ. అతి నెమ్మది గుర్రం సెకనుకు 4.7 బ్లాకులు పోతుంది. అతి వేగమైనది 14.2 బ్లాకులు పోతుంది. మనిషి పరుగు 5.6. అంటే మీకన్నా నెమ్మదిగా పోయే గుర్రాలు కూడా మైదానంలో మేస్తూ ఉంటాయి, చూపుకు వాటికీ మిగతావాటికీ ఏ తేడా ఉండదు.

పరీక్షకు చదునైన చోట నూరు బ్లాకుల దూరం కొలిచి, రెండు చివరలా ఒక్కో కాగడా నాటండి. మొదటి కాగడాకు పది బ్లాకులు వెనుక నుంచి గుర్రాన్ని పరుగెత్తించి, ఆ కాగడాను దాటేటప్పుడు గడియారం మొదలుపెట్టి, రెండోదాన్ని దాటేటప్పుడు ఆపండి. అత్యుత్తమ గుర్రం ఆ దూరాన్ని ఏడు సెకన్లలో దాటుతుంది. సగటు గుర్రానికి పదిన్నర సెకన్లు పడుతుంది. ఇరవై సెకన్లకు పైన తీసుకునేదాన్ని జీను తీసివేసి మందలోకే పంపండి. తొమ్మిది సెకన్ల లోపు దాటే గుర్రం దొరికితే అది వదులుకోరానిదని నా అభిప్రాయం. ఏడు సెకన్లదాని కోసం మైదానాలన్నీ గాలించడం కన్నా, తొమ్మిది సెకన్ల జంటను సంపాదించి వాటి సంతానంలో వెతుక్కోవడం మేలు.

దూకుడు పరీక్షకు ఒక బ్లాకు మొదలు అయిదు బ్లాకుల ఎత్తు దాకా వరుసగా చిన్న గోడలు కట్టండి. దూకే మీటను నొక్కి పట్టుకుంటే కింద ఒక పట్టీ నిండుతుంది, అది నిండగానే వదలాలి. ఇంకా పట్టుకొనే ఉంటే దూకుడు కొంత తగ్గుతుంది. కొన్ని గుర్రాలు ఒక్క బ్లాకును మాత్రమే దాటగలవు, ఉత్తమమైనవి అయిదు దాటుతాయి. మీ ఇల్లు మైదానంలో ఉంటే వేగానికే ప్రాధాన్యం ఇవ్వండి, రెండు బ్లాకులు దూకగలిగితే చాలు. కొండ ప్రాంతంలో ఇల్లు కట్టుకున్నవారికి మాత్రం వేగం కన్నా దూకుడే ముఖ్యం, ఎందుకంటే ప్రతి పది అడుగులకూ గట్టు అడ్డువచ్చే నేలలో ఎంత వేగమున్నా అది ఆగి ఆగి పోవలసిందే.

ఇంటికి తోలుకురావడం

ఎంచుకున్న గుర్రాన్ని ఎక్కి, రెండోదాన్ని పలుపుతో వెంటబెట్టుకొని రావడం ఉత్తమ మార్గం. పలుపు చేతిలో పట్టుకొని గుర్రం మీద నొక్కితే కట్టు పడుతుంది, కంచె గుంజ మీద నొక్కితే దానికి కట్టివేసినట్టవుతుంది. సుమారు పది పన్నెండు బ్లాకులకు మించి వెనుకపడితే పలుపు తెగుతుంది. కాబట్టి వేగమైన గుర్రం మీద మీరు కూర్చొని నెమ్మదైన దాన్ని లాగుతున్నప్పుడు మధ్య మధ్య ఆగి వెనక్కి చూసుకోవాలి. గుర్రం పడవలో పట్టదు, తోడేలునో పిల్లినో పడవెక్కించినట్టు దాన్ని ఎక్కించలేరు. సముద్రం అవతల ఉన్న గుర్రం మీద ఎంత మోజున్నా, నేలమీద దారి ఉన్న మందనే ముందు వెతకడం తెలివైన పని.

చీకటి పడితే ప్రయాణం ఆపండి. జాంబీలు గుర్రం జోలికి రావు, మీ కోసమే వస్తాయి. విలుకాళ్ళు కూడా మిమ్మల్నే గురిచూస్తారు కాని, మీకు తగలవలసిన బాణం గుర్రానికి తగులుతుంది. కంచె ముక్కలు వెంట తెమ్మన్నది ఇందుకే. రాత్రి ఆగిన చోట చిన్న కంచె కట్టి, గుర్రాన్ని లోపల ఉంచి, కాగడా పెట్టి మీరు పడుకోవచ్చు.

సాల కట్టడం

ఈ లోకంలో గుర్రానికి ఆకలి లేదు. నెలల తరబడి మేత వేయకపోయినా చిక్కిపోదు. అందువల్ల పోషణ అంటే ప్రధానంగా దాన్ని ప్రమాదాల నుంచి కాపాడడమే, ఆ పనిలో నూటికి తొంభై వంతులు సాల చక్కగా కట్టడంతోనే తీరిపోతుంది.

కంచె చూపుకు ఒక బ్లాకు ఎత్తే అయినా ఆట దాన్ని ఒకటిన్నర బ్లాకుల ఎత్తుగా లెక్కిస్తుంది. రౌతు లేని గుర్రం దాన్ని దూకి దాటదు. అయినా కంచె లోపలి నుంచి గుర్రాలు పోయాయని చాలామంది వాపోతుంటారు. కారణం వెతికితే కంచెను ఆనుకొని అందానికి పెట్టిన గడ్డిమోపో, పెట్టెయో, బ్లాకో కనబడుతుంది. గుర్రం ఒక బ్లాకు ఎత్తును అవలీలగా ఎక్కుతుంది, అక్కడి నుంచి కంచె దానికి అర బ్లాకు మెట్టు మాత్రమే. మంచు కురిసే చోట కంచె పక్కన మంచు పేరుకున్నా ఇదే ప్రమాదం ఉంది. కాబట్టి కంచె లోపలి అంచున ఒక వరస ఖాళీగా వదలండి.

గుర్రం వెడల్పు ఒక బ్లాకుకు మించి ఉంటుంది. ఒంటి తలుపులో అది పట్టదు, రెండు కంచె తలుపులను పక్కపక్కన పెట్టాలి. సాలలోకి గుర్రం మీద కూర్చొనే వెళ్ళాలనుకుంటే కప్పు మూడు బ్లాకులకన్నా కిందికి ఉండకూడదు, లేకపోతే మీ తల కప్పులో ఇరుక్కొని ఊపిరాడక దెబ్బ తగులుతుంది. వెలుతురు విషయంలో 2021 నవంబరులో వచ్చిన 1.18 వెర్షన్ పని తేలిక చేసింది. అప్పటినుంచి భూతాలు పూర్తి చీకటి ఉన్న చోట మాత్రమే పుడతాయి కాబట్టి, ఒక మోస్తరు సాలకు నడుమ పెట్టిన ఒక్క కాగడా సరిపోతుంది.

అన్నిటికన్నా పెద్ద ముప్పు క్రీపర్ అనే పేలే భూతం. దానికి గుర్రం మీద పగ ఏమీ లేదు. మీ వెంట సాల దాకా వచ్చి, మీ పక్కన పేలి, లోపలి గుర్రాలను చంపుతుంది. దీనికి నాకు తెలిసిన మంచి విరుగుడు పిల్లి. క్రీపర్లు పిల్లి ఉన్న వైపు నుంచి పారిపోతాయి, ఆరు బ్లాకుల దగ్గరకు రావు. పల్లెలో తిరిగే పిల్లి దగ్గర పచ్చి కాడ్ చేపనో సాల్మన్ చేపనో పట్టుకొని కదలకుండా నిలబడితే అది తానే వస్తుంది. ఒక్కో చేపకు మూడింట ఒక వంతు చొప్పున మచ్చికయ్యే అవకాశం ఉంటుంది. దాన్ని తెచ్చి సాల గుమ్మం దగ్గర కూర్చోబెట్టండి. గోడలు ఇంకో వరస పెంచడం కన్నా ఇది చవక, ఎలుకలు లేని లోకంలో పిల్లికి ఒక ఉద్యోగం ఇచ్చినట్టూ ఉంటుంది.

దెబ్బలకు మేత, ఒంటికి కవచం

దెబ్బ తిన్న గుర్రం కాలక్రమంలో తానే కొంత కోలుకుంటుంది కాని, అది చాలా నెమ్మది. మేత పెట్టడం మేలు. ఒక హృదయాన్ని రెండు పాళ్ళుగా లెక్కిస్తే చక్కెర ఒక పాలు, గోధుమ రెండు, యాపిల్ మూడు, బంగారు క్యారెట్ నాలుగు, బంగారు యాపిల్ పది పాళ్ళు నయం చేస్తాయి. గడ్డిమోపు ఇరవై పాళ్ళు, అంటే ఏకంగా పది హృదయాలు తిరిగి తెస్తుంది. తొమ్మిది గోధుమలతో ఒక మోపు అవుతుంది, అవే తొమ్మిది విడివిడిగా పెడితే పద్దెనిమిదే వస్తాయి. కాబట్టి మచ్చికకు చక్కెర, వైద్యానికి గడ్డిమోపు అని గుర్తుపెట్టుకుంటే లెక్క వేసుకునే పని ఉండదు. దూరప్రయాణంలో మూడు నాలుగు మోపులు వెంట ఉంచుకోండి.

కవచాలలో తోలుది మూడు, ఇనుపది అయిదు, బంగారుది ఏడు, వజ్రపుది పదకొండు పాళ్ళ రక్షణ ఇస్తాయి. తోలు కవచాన్ని ఏడు తోలు ముక్కలతో తయారుచేసుకోవచ్చు, ఇనుము, బంగారం, వజ్రం కవచాలు పెట్టెల్లో దొరకవలసిందే. అవి అరిగిపోవు కాబట్టి దొరికిన వెంటనే తొడగండి, దాచుకోవడంలో అర్థం లేదు.

సంతానం

మంచి గుర్రం వెతికి పట్టేది కాదు, పుట్టించుకునేదని నేను నమ్ముతాను. మచ్చికైన రెండు పెద్ద గుర్రాలకు చెరొక బంగారు క్యారెట్ గాని, బంగారు యాపిల్ గాని తినిపిస్తే అవి జతకడతాయి, వెంటనే పిల్ల పుడుతుంది. తర్వాత అయిదు నిమిషాలు ఆగితే అదే జంట మళ్ళీ సిద్ధం. బంగారు క్యారెట్‌కు ఎనిమిది బంగారు పలుకులు చాలు, అంటే ఒక కడ్డీ కన్నా తక్కువ. బంగారు యాపిల్‌కు ఎనిమిది కడ్డీలు, అంటే డెబ్బై రెండు పలుకులు కావాలి. ఫలితం ఒక్కటే అయినప్పుడు తొమ్మిది రెట్లు పెట్టడం ఎందుకు?

పిల్ల పెద్దదవడానికి ఇరవై నిమిషాలు పడుతుంది. మేతతో ఆ కాలాన్ని తగ్గించవచ్చు. గోధుమ ఇరవై సెకన్లు, చక్కెర ముప్పై సెకన్లు, యాపిల్ ఒక నిమిషం, గడ్డిమోపు మూడు నిమిషాలు ముందుకు జరుపుతాయి. ఏడు మోపులుంటే పుట్టిన క్షణంలోనే పెద్దదాన్ని చేయవచ్చు. తల్లిదండ్రులు మచ్చికైనవే అయినా పిల్ల మచ్చికైనది కాదు. పెరిగిన తర్వాత దాన్ని కూడా ఎక్కి, పడి, మచ్చిక చేయవలసిందే. రంగు మాత్రం తొమ్మిదింట ఎనిమిదిసార్లు తల్లిదో తండ్రిదో వస్తుంది, మిగిలిన ఒక్కసారి ఏదైనా రావచ్చు.

గుణాల విషయంలో మీ వెర్షన్ ఏదన్నది ముఖ్యం. 2023 మార్చిలో వచ్చిన జావా 1.19.4కు ముందు, పిల్ల గుణం తల్లి, తండ్రి, యాదృచ్ఛికంగా తీసిన ఒక మూడో అంకె, ఈ మూడింటి సగటుగా వచ్చేది. అందువల్ల గొప్ప జంటకు పుట్టిన పిల్ల తరచుగా వాటికన్నా తక్కువదే అయ్యేది. ఆ వెర్షన్ నుంచి పిల్ల గుణం తల్లిదండ్రుల సగటుకు అటూ ఇటూగా వస్తుంది, ఇద్దరినీ మించిపోవచ్చు కూడా. ప్రాణం, వేగం, దూకుడు మూడూ వేర్వేరుగా లెక్కకు వస్తాయి. ఒకే జంటకు నాలుగైదు పిల్లలను పుట్టించి, నూరు బ్లాకుల బాట మీద అన్నిటినీ పరుగెత్తించి, మేలైన రెండింటిని తర్వాతి తరానికి ఉంచుకోండి. ప్రతి గుర్రం పరుగు సెకన్లను నేమ్ ట్యాగ్ అనే పేరు చీటీ మీద రాసి దానికే పేరుగా పెడితే నాలుగు తరాల తర్వాత ఏది ఏదో తికమక పడరు.

మిగిలిన గుర్రాలను సాలలో కిక్కిరిసేలా ఉంచనక్కరలేదు. మీరు తరచుగా వెళ్ళే పల్లెల్లోను, గనుల దగ్గరా ఒక్కోదాన్ని కంచెలో ఉంచితే దారి గుర్రాలుగా పనికివస్తాయి. వాటిలో నెమ్మదైన ఒకదాన్ని గాడిదతో జతకట్టించండి. పుట్టిన కంచరగాడిదకు పిల్లలు పుట్టవు, కవచం తొడగలేరు, అయితే దాని వీపు మీద పెట్టె కట్టవచ్చు, అందులో పదిహేను గళ్ళ సామాను పడుతుంది. గనికి వెళ్ళేటప్పుడు మేలుజాతి గుర్రాన్ని ఇంట్లో ఉంచి దీన్ని తోలుకువెళ్ళండి.